"ఉద్యోగం బాగానే చేస్తోందిగా, ఇంకేం జబ్బు?": బీపీడీ గురించి అపోహలు - వాస్తవాలు

"మా అమ్మాయి ఆఫీసులో టీమ్ లీడ్ అండీ. ఇంటి ఈఎంఐ కూడా తనే కడుతోంది. తనకి మానసిక సమస్య ఏమిటి?" క్లినికల్ సైకాలజిస్టుగా నేను తరచూ వినే ప్రశ్న ఇది. నిజంగానే అర్థం కాక అడుగుతారు. కానీ దాని వెనకున్న నమ్మకం వల్లే బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్, అంటే బీపీడీ ఉన్న ఎంతోమంది ఏళ్ల తరబడి చికిత్స దాకా రాలేకపోతున్నారు.

బీపీడీలో భావోద్వేగాలు తొందరగా రేగుతాయి, తీవ్రంగా ఉంటాయి, సద్దుమణగడానికి చాలాసేపు పడుతుంది. దగ్గరివాళ్లు వదిలేస్తారన్న భయం, తనెవరో తనకే తెలియని అయోమయం, లోపలంతా ఖాళీగా అనిపించడం, ఉన్నట్టుండి ముంచుకొచ్చే కోపం, తనని తాను గాయపరచుకోవాలన్న తలంపు ఉండొచ్చు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే మానసిక జబ్బుల జాబితా పేరు డీఎస్ఎం. 1980లో దాని మూడో కూర్పు డీఎస్ఎం-3తో ఇది అధికారిక జాబితాలోకి వచ్చింది. ఇప్పటి ప్రమాణాల్లో 9 లక్షణాలున్నాయి, కనీసం 5 ఉంటే బీపీడీ అంటాం. లెక్కేస్తే అవి 256 రకాలుగా కలవొచ్చు. అందుకే ఒకరిని చూసిన అనుభవంతో ఇంకొకరిని గుర్తుపట్టలేం. "హై ఫంక్షనింగ్ బీపీడీ" అన్నది ఆ జాబితాలో లేదు. చదువు, ఉద్యోగం నిలబెట్టుకుంటూ బాధంతా లోపలే దాచుకునేవాళ్ల గురించి వాడుకలోకి వచ్చిన పేరు అది.

అపోహ: పని చేసుకోగలుగుతోందంటే బాగానే ఉన్నట్టు.

ఆఫీసులో ఏం చేయాలో, ఎవరితో ఎంతవరకు మాట్లాడాలో ముందే తెలిసి ఉంటుంది. బీపీడీ ఎక్కువగా బయటపడేది అక్కడ కాదు, దగ్గరి బంధాల్లో. పోగొట్టుకుంటే తట్టుకోలేని మనిషి ఉన్నచోటే భయం మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామంది చెప్పినవి కలిపి రాస్తున్నాను. ఆమె బ్యాంకులో ఆఫీసర్. మధ్యాహ్నం భర్తకి పెద్ద మెసేజ్ పెట్టింది. "ఊ" అని జవాబొచ్చింది. గుండె దడ మొదలైంది. పొద్దున టిఫిన్ దగ్గర తనేమైనా తప్పుగా అందా అని వెతుక్కుంది. ఏదో టైప్ చేసింది, చెరిపేసింది, మళ్లీ టైప్ చేసింది. ఆయన లాస్ట్ సీన్ చూసింది. పది నిమిషాలు తిరిగేసరికి "ఈయనకి నేనంటే విసుగొచ్చేసింది" అన్నది అనుమానం కాదు, జరిగిపోయిన సంగతి. వాష్‌రూమ్‌లోకి వెళ్లి, ఏడుపు బయటికి వినబడకుండా కుళాయి తిప్పుకుని ఏడ్చింది. మొహం కడుక్కుని, కాటుక సరిచేసుకుని వచ్చి, ఎదురుచూస్తున్న పెద్దాయనకి ఎఫ్‌డీ వడ్డీ లెక్క ఓపిగ్గా వివరించింది. సాయంత్రం భర్త మామూలుగానే "టీ పెట్టనా?" అన్నాడు. మీటింగులో ఉండి అలా జవాబిచ్చాడట. ఆమెకి మాత్రం లోపలి వణుకు రాత్రి పదకొండు దాకా తగ్గలేదు. పైగా, ఇంత చిన్నదానికి ఇలా అయిపోయానేంటన్న సిగ్గొకటి.

ఆ రోజు ఆమె పనిలో ఒక్క పొరపాటూ లేదు. బీపీడీకి ఇచ్చే డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అనే చికిత్సను రూపొందించిన అమెరికన్ సైకాలజిస్టు మార్షా లినెహాన్ దీన్ని "పైకి కనిపించే సమర్థత" అన్నారు. ఒకచోట అంత నేర్పుగా నెగ్గుకొస్తుంటే, అన్నిచోట్లా అలాగే చేయగలరని చుట్టూ ఉన్నవాళ్లు అనుకుంటారు. చేయలేని రోజున కావాలనే చేస్తున్నారని నిందిస్తారు. అందుకే నేను ఆఫీసు గురించి తక్కువ అడుగుతాను. ఇంటికొచ్చి గది తలుపేసుకున్నాక ఆ మొదటి గంట ఎలా గడుస్తుందో అడుగుతాను.

అపోహ: ఇదంతా డ్రామా. అందరూ తననే చూడాలని.

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. దాచుకునేవాళ్లలో కోపం బయటికి రాదు, తమ మీదికే తిరుగుతుంది. గొడవపడరు, మాట మానేస్తారు. అవతలివాళ్లు వదిలేయకముందే తామే దూరం జరుగుతారు. తమని తాము గాయపరచుకోవడం కూడా చాలాసార్లు ఎవరికీ తెలియకుండా, భరించలేని బాధ నుంచి కాసేపైనా బయటపడటానికి చేసే పని. ఎవరికీ కనబడకుండా దాచేదాన్ని నలుగురికీ చూపించుకోవడం అని ఎలా అంటాం?

చావు మాట వస్తే అది ఎన్నోసారైనా తేలిగ్గా తీసుకోకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అపోహ: మూడ్ ఇంతలా మారుతోందంటే బైపోలారే.

బైపోలార్ అంటే అతి ఉత్సాహం దశలూ, దిగులు దశలూ వచ్చే జబ్బు. అందులో ఒక్కో దశ రోజులు, వారాలు సాగుతుంది. అతి ఉత్సాహం కాస్త తక్కువ స్థాయిలో ఉండే హైపోమేనియా అనాలంటే కనీసం 4 రోజులు, తీవ్రంగా ఉండే మేనియాకి సాధారణంగా వారం ఉండాలి. బీపీడీలో గంటల్లోనే మారిపోతుంది, వెనక తరచూ ఎవరిదో ఒక మాటో మౌనమో ఉంటుంది. రెండూ కలిసి కూడా ఉండొచ్చు కాబట్టి, రీల్స్ చూసి మీకు మీరే తేల్చుకోకండి.

అపోహ: ఇది ఆడవాళ్లకే వస్తుంది.

క్లినిక్‌లకి వచ్చేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువన్నది నిజమే. కానీ అమెరికాలో దాదాపు 35,000 మందిని ఇంటర్వ్యూ చేసిన సర్వే ఫలితాలు 2008లో వచ్చినప్పుడు, ఆడా మగా మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మగవాళ్లకి మనం కోపిష్టి అనో తాగుబోతు అనో పేరు పెట్టి ఊరుకుంటున్నాం.

అపోహ: పెంపకం లోపం.

అమ్మానాన్నలు ఈ మాటతో కుమిలిపోతుంటారు. కవలల మీద జరిగిన పరిశోధనలను బట్టి ఇందులో జన్యువుల పాత్ర సుమారు సగం దాకా ఉంది. చిన్నప్పటి హింస, లైంగిక వేధింపులు, నిర్లక్ష్యం ముప్పుని బాగా పెంచుతాయి, కానీ ప్రతి ఒక్కరి కథలోనూ అవి ఉండవు. ప్రేమగా పెంచిన ఇళ్లలో కూడా, పుట్టుకతోనే సున్నితమైన పిల్లకి "దీనికే ఏడుస్తారా?", "నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అన్న మాటలే రోజూ వినబడితే, తన బాధని తనే నమ్మడం మానేస్తుంది. ర్యాంకులు వస్తున్నంతకాలం ఎవరూ ఆరా తీయరు. ఇంటర్ హాస్టల్లో దుప్పటి ముసుగేసుకుని చప్పుడు కాకుండా ఏడవడం అలవాటైందని, పొద్దున స్టడీ అవర్‌కి మాత్రం అందరికన్నా ముందే వెళ్లేవాళ్లమని చెప్పినవాళ్లున్నారు.

అపోహ: పెళ్లి చేస్తే అదే సర్దుకుంటుంది.

సర్దుకోదు. దగ్గరి బంధంలోనే బయటపడే జబ్బుకి అతి దగ్గరి బంధాన్ని మందుగా ఇవ్వడం ఇద్దరికీ అన్యాయం. పెళ్లి చేసుకోకూడదని కాదు, బీపీడీ ఉన్న ఎంతోమంది హాయిగా కాపురాలు చేసుకుంటున్నారు. చికిత్స బదులు పెళ్లి చేయొద్దంటున్నాను.

అపోహ: ఇది స్వభావం, జీవితాంతం ఇంతే.

ఇదే అన్నిటికన్నా పెద్ద అబద్ధం. అమెరికాలో మేరీ జనారిని బృందం బీపీడీతో ఆసుపత్రిలో చేరిన 290 మందిని ఏళ్ల తరబడి గమనించింది. పదేళ్లలో 93 శాతం మందిలో లక్షణాలు తగ్గి, కనీసం రెండేళ్లు జబ్బు స్థాయికి కిందే ఉన్నాయి. అయితే దాంతోపాటు ఉద్యోగం, బంధాలు కూడా కుదుటపడి పూర్తిగా కోలుకున్నవాళ్లు సగం మందే. పోయిన ఉద్యోగాన్ని, తెగిన స్నేహాన్ని తిరిగి కట్టుకోవడం అంత కష్టం. అవి చేతిలో ఉండగానే చికిత్సకి రమ్మని నేను బతిమాలేది అందుకే.

బీపీడీ కోసమే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. తోడుగా ఉన్న డిప్రెషన్, ఆందోళన లాంటివాటికి సైకియాట్రిస్టు మందులు ఇస్తారు, వాటిని సొంతంగా ఆపకూడదు. అసలు చికిత్స మాత్రం థెరపీయే. డీబీటీ మీద తొలి క్లినికల్ ట్రయల్ 1991లో వచ్చింది. తను కూడా 17 ఏళ్ల వయసులో మానసిక ఆసుపత్రిలో ఉన్నానని లినెహాన్ 2011లో బహిరంగంగా చెప్పారు.

డీబీటీలో నేర్పేవి చాలావరకు చేతల్లో ఉండే పనులు. ఉద్వేగం తారస్థాయిలో ఉన్నప్పుడు ఊపిరి బిగబట్టి చల్లటి నీళ్ల గిన్నెలో అరనిమిషం ముఖం ముంచితే గుండె వేగం తగ్గుతుంది. గుండె జబ్బు, తిండికి సంబంధించిన డిజార్డర్లు ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ఇది చేయొద్దు. ఇంకోటి, కాగితం మధ్యలో గీత గీసి, ఒకవైపు ఫోన్‌లో వచ్చింది వచ్చినట్టు "ఊ" అని రాయడం, రెండోవైపు నేను కలుపుకున్న అర్థం "విసుగొచ్చేసింది" అని రాయడం. తిరిగి మెసేజ్ పెట్టేది ఆ తర్వాతే. రాసిచూస్తే తేలికే, ఆ దడలో చేయడానికి నెలల సాధన కావాలి.

ఇంట్లోవాళ్లు "దానికేముందమ్మా, వదిలేయ్" అనే బదులు "నీకు చాలా కష్టంగా ఉందని తెలుస్తోందమ్మా. ఇప్పుడు నాకూ చిరాగ్గా ఉంది, అరగంటాగి వచ్చి మాట్లాడతాను" అనండి. చెప్పినట్టే అరగంటకి రండి. వస్తానని రాకపోవడం మామూలు మనిషికి మర్చిపోవడం, బీపీడీ ఉన్నవాళ్లకి అది వదిలేయడమే.

చికిత్స సంగతి ఆఫీసుకి తెలుస్తుందన్న భయం కూడా చాలామందిని ఆపుతుంది. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం మీ వివరాల గోప్యతని హక్కుగా ఇచ్చింది. ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, మీ అనుమతి లేకుండా మేం బయటపెట్టకూడదు.

మన దగ్గర పూర్తిస్థాయి డీబీటీ ప్రోగ్రాములు తక్కువ. కాబట్టి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుని చూసుకుని, బీపీడీ ఉన్నవాళ్లతో పనిచేశారా అని మొదటిరోజే అడిగేయండి, మొహమాటపడొద్దు. కొన్ని సెషన్ల తర్వాత ఆ థెరపిస్టు మీదే హఠాత్తుగా కోపం వచ్చి, వీళ్లకీ నేను బరువే అనిపించి మానేయాలనిపించవచ్చు. మానేసే ముందు ఒక్క సెషన్‌కి వెళ్లి ఆ మాటే వాళ్లతో చెప్పండి. దాని గురించి మాట్లాడుకోవడం కూడా థెరపీలో భాగమే.