విప్పిన ఊలు: అపోహలు - వాస్తవాలు

నా దగ్గర అల్లిక నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లలో ఒక సంచి ఉంటుంది. అందులో సగంలో ఆగిపోయిన స్వెట్టర్, సూదులతో సహా. ఎవరి కోసం మొదలుపెట్టారో ఆ బాబు ఈపాటికి కాలేజీకి వెళ్తుంటాడు. విప్పి ఇంకొకటి అల్లుకోండమ్మా అంటే వాళ్లకు మనసొప్పదు. అందుకు చెప్పే కారణాలు చాలావరకు అపోహలే.

అపోహ: విప్పిన దారం నూడుల్స్‌లా మెలికలు తిరిగిపోయింది, ఇక పనికిరాదు.

వాస్తవం: దారం పాడవలేదు, స్నానం అడుగుతోందంతే. గొర్రె ఉన్ని తడిస్తే పాత వంపు వదిలేస్తుంది. విప్పినదాన్ని ఉండ చుట్టకండి. కుర్చీ వీపుకు వదులుగా చుట్టి చిలప చెయ్యండి (అంటే ఉండలా కాకుండా పొడుగ్గా చుట్టిన దారపు చుట్ట; మగ్గం ఉన్న ఇళ్లలో ఈ మాట తెలిసే ఉంటుంది). నాలుగు చోట్ల వేరే దారంతో కట్టండి. కట్టకపోతే నీళ్లలో చిక్కుపడుతుంది, విడదీయడానికి ఒక పూటంతా పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో అరగంట నానబెట్టి, మెలితిప్పకుండా తువ్వాల్లో అదిమి, నీడన వేలాడదీయండి. కాసేపటికి వెళ్లి చూస్తే మెలికలు ఒక్కొక్కటే సాగి వదులవుతుంటాయి. నాకు ఇప్పటికీ అది చూడటం ఇష్టం. కొంచెం వంపు మిగిలినా టెన్షన్ పడక్కర్లేదు. కానీ అసలు తడపకుండా అల్లేస్తే మాత్రం కొలత మోసం చేస్తుంది. అలా అల్లిన ఒక టోపీ నా చేతిలో సరిగ్గానే ఉంది, ఉతికాక కళ్ల మీదకి జారింది.

అపోహ: ఊలంతా ఒకటే.

వాస్తవం: మన షాపుల్లో ఊలు అని ఇచ్చే ఉండల్లో చాలావాటి లేబుల్ మీద అక్రిలిక్ అని ఉంటుంది. లేబుల్ పోతే చిన్న ముక్కను స్టీలు పళ్లెంలో కాల్చి చూడండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, మసి వేళ్ల మధ్య పొడైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా మిగిలితే అక్రిలిక్. అక్రిలిక్‌కు నీళ్ల కన్నా కొంచెం దూరం నుంచి పట్టిన ఆవిరి బాగా పనిచేస్తుంది. ఇస్త్రీపెట్టె ఆనించారంటే చదునైపోయి మెరుస్తుంది, మళ్లీ మామూలు కాదు. ఉన్నికి వేరే ప్రమాదం ఉంది: వేడినీళ్లలో వేసి రుద్దితే పోగులు పెనవేసుకుని గట్టి గుడ్డలా అయిపోతుంది. అది మాత్రం విప్పడానికి రాదు.

అపోహ: ఏ కొస లాగినా ఊడొస్తుంది.

వాస్తవం: ఆఖరున అల్లిన వైపు నుంచే సాఫీగా వస్తుంది. మొదలుపెట్టిన వైపు లాగితే వరసవరసకీ చిక్కే.

అపోహ: విప్పిన దారంతో పసిపిల్లలకు అల్లకూడదు.

వాస్తవం: పురిటిబిడ్డకు అమ్మమ్మ పాత నేతచీర వేసేది మెత్తగా ఉంటుందనే కదా! చూడాల్సింది బలం. మూర మూరకీ రెండు చేతులతో లాగి చూడండి, తెగిన చోట కత్తిరించేయండి. మిగిలిన చిలపను వంటింటి త్రాసులో తూయండి. మధ్యరకం లావు దారమైతే పెద్దవాళ్ల టోపీకి 100 గ్రాములు చాలు.