స్పీడ్ తగ్గిస్తే ఇసుకలో గీత షార్ప్‌గా వస్తుందా?

గుంటూరు నుంచి ఒకాయన అడిగారు, ఇంట్లో సొంతంగా శాండ్ టేబుల్ చేసుకున్నారంట, పువ్వు వేయిస్తే రేకుల కొసలన్నీ మొద్దుగా వస్తున్నాయి, స్పీడ్ ఎంత తగ్గించమంటారు అని. చూడనివాళ్ళకి చెప్పాలంటే బల్ల కింద మోటార్లు అయస్కాంతాన్ని తిప్పుతుంటాయి, పైన ఇసుకలో స్టీల్ బాల్ దాని వెంటే పోతూ గీత గీస్తుంది. ఇంటికొచ్చిన చుట్టాలు దెయ్యం గీస్తోందనుకుంటారు, అది వేరే సంగతి.

అసలు మజా ఏంటంటే బాల్ ఎప్పుడూ అయస్కాంతానికి సరిగ్గా పైన ఉండదు, కాస్త వెనకబడే ఉంటుంది. వెనకబడితేనే దాన్ని ముందుకి లాగే బలం పుడుతుంది మరి. ఏలూరు రోడ్డులో రిపేరొచ్చిన ఆటోని ఇంకో ఆటోకి తాడు కట్టి లాక్కెళ్తుంటారు చూడండి, ముందు ఆటో మలుపంతా తిరుగుతుంది, వెనకది మాత్రం మూల కోసేసుకుంటూ పోతుంది. ముందుది సందు చివరిదాకా వెళ్ళి యూటర్న్ కొట్టిందనుకోండి, వెనకది ఆ చివరికి చేరనే చేరదు, తాడు ఎంత పొడుగైతే అంత లోటు. మీ రేకు కొస పోయేది అక్కడే.

నెమ్మదిగా దున్నుతున్నప్పుడు ఇసుక ఇచ్చే అడ్డు స్పీడ్‌ని బట్టి పెద్దగా మారదు, నీళ్ళ పద్ధతి వేరు. అంటే సెకనుకి 2 సెంటీమీటర్లని 1 చేసినా తాడు పొడుగు, అంటే బాల్ వెనకబడే దూరం, దాదాపు అంతే, డిజైన్‌కి పట్టే టైమ్ మాత్రం డబుల్. తాడు పొట్టి కావాలంటే అయస్కాంతం గట్టిది వేయాలి, ఇసుక పల్చగా పోయాలి, మధ్యలో పలక మందం తగ్గించాలి.

మరి స్పీడ్ దెబ్బ కొట్టేదెక్కడ? వంపుల్లో. వంపులో త్వరణం వి స్క్వేర్ బై ఆర్, అంటే స్పీడ్‌ని స్పీడ్‌తో గుణించి వంపు వ్యాసార్థంతో భాగించడం, ఎంసెట్‌కి బట్టీ కొట్టి ఆ మర్నాడే మర్చిపోయేది. అర సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న వంపులో సెకనుకి 2 సెంటీమీటర్లతో పోతే త్వరణం 8, 10తో పోతే 200, 20తో పోతే 800 సెంటీమీటర్లు పర్ సెకండ్ స్క్వేర్, గురుత్వ త్వరణమే 980 కదా! అప్పుడు వెనక ఆటో లోపలికి కోయడం మానేసి బయటికి విసురుకుంటుంది, ఎగిరిన ఇసుక పక్క గీతలో పడుతుంది.

గుండ్రటి బల్లకి ఇంకో తంటా. అయస్కాంతం నిమిషానికి 4 చుట్లు తిరిగేలా ఫిక్స్ చేస్తే కేంద్రానికి 25 సెంటీమీటర్ల దూరంలో బాల్ సెకనుకి 10 పైన పోతుంది, 2.5 దూరంలో 1 మాత్రమే. మధ్యలో పువ్వు నీట్‌గా, అంచులో అదే పువ్వు చెదిరిపోయి వస్తుంటే కోడ్‌లో బాల్ స్పీడ్ ఫిక్స్ చేసి దాన్ని కేంద్రం నుంచి ఉన్న దూరంతో భాగించి మోటార్‌కి ఇవ్వండి, కాకపోతే కేంద్రం దగ్గర మోటార్ స్పీడ్‌కి ఒక లిమిట్ పెట్టండి, లేకపోతే మోటార్ స్టెప్పులు తప్పి మిగతా డిజైన్ మొత్తం పక్కకి తిరిగిపోతుంది.