రక్తంలో మందు ఎంత, పనిచేసేది ఎంత?

ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్ రక్తంలో లీటరుకు 10 నుంచి 20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలంటారు. ఒక రోగికి 8 వచ్చిందనుకుందాం. డోసు చాలడం లేదనిపిస్తుంది. కానీ అదే రిపోర్టులో అల్బుమిన్ అనే ప్రోటీన్ డెసిలీటరుకు 2 గ్రాములే ఉంటే, డోసు పెంచడం ప్రమాదం.

చాలా మందులు రక్తంలో చేరగానే ప్రోటీన్లను అంటిపెట్టుకుంటాయి. వాటిలో ముఖ్యమైనది కాలేయం తయారుచేసే అల్బుమిన్. ఆరోగ్యవంతుల్లో ఇది డెసిలీటరుకు 3.5 నుంచి 5 గ్రాములు ఉంటుంది. దాని మడతల్లో మందులు ఎక్కువగా చేరే చోట్లు రెండు: ఒకదాంట్లో రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, ఇంకోదాంట్లో నొప్పికి వాడే ఐబూప్రోఫెన్. ఈ పట్టు శాశ్వతం కాదు, మందు విడిపోతూ మళ్లీ అతుక్కుంటూ ఉంటుంది. అతుక్కుని ఉన్నంతసేపూ అది కణాల్లోకి వెళ్లలేదు, కిడ్నీల వడపోతలోనూ పోదు. పనిచేసేది విడిగా తిరిగే భాగమే.

ఫెనిటాయిన్‌లో మామూలుగా 90 శాతం అతుక్కుని, 10 శాతం విడిగా ఉంటుంది. అల్బుమిన్ తగ్గితే విడి భాగం పెరుగుతుంది. డాక్టర్లు వాడే షైనర్-టోజర్ లెక్క ప్రకారం మన రోగికి వచ్చిన 8, అల్బుమిన్ సరిగ్గా ఉన్న మనిషిలో 16తో సమానం. అంటే మందు సరిపడా ఉన్నట్టే. ఇంకా పెంచితే కనుగుడ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట ముద్దగా వస్తుంది. కాలేయం గట్టిపడే సిర్రోసిస్ ఉన్నవాళ్లలో, మూత్రంలో ప్రోటీన్ పోయేవాళ్లలో ఈ పొరపాటుకి ఆస్కారం ఎక్కువ. ఆ లెక్క కూడా అంచనాయే. వీలుంటే విడి ఫెనిటాయిన్‌నే నేరుగా కొలిపించడం మేలు.

రెండు మందులు ఒకే చోటుకి పోటీపడితే ఒకటి ఊడిపోతుంది కదా అని చాలామంది భయపడతారు. నా దృష్టిలో ఆ భయం అవసరానికి మించినది. ఊడిన మందును కాలేయం లేదా కిడ్నీలు త్వరగానే బయటికి పంపేస్తాయి.

పసిపిల్లల సంగతి వేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలకు ఇన్ఫెక్షన్ రాకుండా ఒకప్పుడు పెన్సిలిన్‌తో పాటు సల్ఫిసోక్సజోల్ అనే సల్ఫా మందు ఇచ్చేవారు. ఆక్సీటెట్రాసైక్లిన్ అనే మరో యాంటీబయాటిక్ ఇచ్చిన పిల్లలకంటే వీళ్లే ఎక్కువమంది చనిపోయారని, చాలామంది మెదడులో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) పేరుకుందని 1956లో అమెరికాలో విలియం సిల్వర్‌మన్ బృందం ప్రకటించింది. ఆ సల్ఫా మందు అల్బుమిన్ మీదున్న బిలిరుబిన్‌ను తోసేసిందని తర్వాత తేలింది. రక్తపరీక్షలో బిలిరుబిన్ మరీ ఎక్కువ లేకుండానే మెదడు దెబ్బతింది. కాపాడాలని ఇచ్చిన మందే అలా చేయడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. కామెర్లున్న నవజాత శిశువులకు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకపోవడానికీ ఇదే కారణం.

ఇదే పట్టును ఈమధ్య కావాలనే వాడుకుంటున్నారు. మన పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 హార్మోన్ రక్తంలో రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుంది. దాన్ని పోలిన, షుగర్ జబ్బుకి వాడే సెమాగ్లూటైడ్‌కి ఒక కొవ్వు ఆమ్లపు తోక తగిలించారు. ఆ తోకతో అది అల్బుమిన్‌ను పట్టుకుంటుంది. అందుకే సగం తగ్గడానికి దానికి దాదాపు వారం పడుతుంది, ఇంజెక్షన్ వారానికి ఒకటి చాలు.