ఇంజిన్లను పట్టేసేదాకా తిప్పే వీడియోలు: అపోహలు, వాస్తవాలు

పర్లాకిమిడిలో మా కార్ల షెడ్డుకు వచ్చే కుర్రవాళ్ళ ఫోన్లలో, ఆయిల్ తీసేసి, యాక్సిలరేటర్ మీద ఇటుక పెట్టి, ఇంజిన్ పట్టేసేదాకా, అంటే లోపలి భాగాలు బిగుసుకుపోయి ఆగిపోయేదాకా, తిప్పే వీడియోలు తరచుగా కనిపిస్తాయి. వాటిని నేనూ ఆసక్తిగానే చూస్తాను. కానీ వాటి నుంచి కొందరు నేర్చుకుంటున్న పాఠాలు మాత్రం తలకిందులుగా ఉంటున్నాయి.

అపోహ: ఆయిల్ లేకున్నా ఇంజిన్ చాలాసేపు ఆడుతుంది కనుక, ఆయిల్ లైటు వెలిగినా ఇంటిదాకా వెళ్ళిపోవచ్చు.

వాస్తవం: వీడియోలో మనకు కనిపించేది ఇంజిన్ ఆగిపోయిన క్షణమే తప్ప, పాడవడం మొదలైన క్షణం కాదు. ఆయిల్ తీసేశాక కూడా పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకుకూ, దాన్ని పట్టి ఉంచే బేరింగ్ మెటల్స్‌కూ మధ్య పల్చని ఆయిల్ పొర కొంతసేపు మిగిలి ఉంటుంది. నిలబడి ఖాళీగా ఆడే ఇంజిన్ దానితోనే నెట్టుకొస్తుంది. అదే ఇంజిన్ నలుగురిని ఎక్కించుకుని ఆర్. ఉదయగిరి వైపు కొండదారి ఎక్కుతుంటే, పిస్టన్ మీద పడే ప్రతి ఒత్తిడీ ఆ పొరను పిండేస్తుంది. పైగా ఆ లైటు చూపేది ఆయిల్ మట్టాన్ని కాదు, ఒత్తిడిని. అది వెలిగే సమయానికి ఒత్తిడి దాదాపు పోయినట్టే.

కాశీనగర్ వైపు నుంచి ఒకాయన లైటు వెలుగుతుండగానే కారు తోలుకొచ్చి, "ఫోన్లో చూశాను మేస్త్రీగారూ, అరగంట ఆడింది కదా" అన్నారు. ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పితే అడుగున మిగిలిన ఆయిల్‌లో వెండిరజను లాంటి పొడి తేలుతోంది. మెటల్స్ పైపూత చెరిగి రాగిరంగు బయటపడింది. క్రాంకు మీద గోరు పెడితే గీతలు తగిలాయి. ఆయన బండి దారిలో ఎక్కడా ఆగలేదు, అయినా క్రాంకు గ్రైండింగుకు పంపక తప్పలేదు.

అపోహ: ఖాళీగా రేస్ చేస్తే లోడు ఉండదు కాబట్టి ఏమీ కాదు.

వాస్తవం: వేగం రెట్టింపైతే, పిస్టన్ పైకీ కిందికీ మళ్ళేటప్పుడు దాన్ని క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్ మీద పడే లాగుడు నాలుగు రెట్లవుతుంది. పొగను బయటికి నెట్టే స్ట్రోకు చివర, పిస్టన్‌ను ఎదురు అదిమే ఒత్తిడి ఏమంత ఉండదు కనుక, ఆ లాగుడంతా రాడ్ బోల్టుల మీదే పడుతుంది. కొత్త కార్లు వీడియోలో అంతసేపు అరిచినా నిలబడటానికి కారణం, పరిమితి దాటగానే ఇంధనాన్ని ఆపేసే ఏర్పాటు. పొరపాటున ఐదో గేరు నుంచి రెండుకు దించితే మాత్రం చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, అక్కడ ఆ ఏర్పాటు చేయగలిగింది ఏమీ లేదు.

అపోహ: ఇంజిన్లను ఇలా పట్టేసేదాకా తిప్పడం వినోదం కోసమే పుట్టింది.

వాస్తవం: కొన్ని సందర్భాల్లో దాని వెనుక ప్రభుత్వ నిబంధన ఉంది. 2009లో అమెరికా ప్రభుత్వం పాత బండ్లు అప్పగించి కొత్తవి కొనేవారికి రాయితీ ఇచ్చింది. ఆ పాత ఇంజిన్లు మళ్ళీ రోడ్డెక్కకూడదని, ఆయిల్ తీసేసి సోడియం సిలికేట్ ద్రావణం పోయించి, నిమిషానికి సుమారు 2,000 చుట్ల వేగంతో తిప్పించారు. వేడికి అది గాజులా గట్టిపడి బేరింగులను పట్టేస్తుంది.

అపోహ: వేడి చూపే ముల్లు పైకి లేవలేదంటే ఇంజిన్ చల్లగా ఉన్నట్టే.

వాస్తవం: ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు పూర్తిగా కారిపోతే సెన్సర్‌కు తగిలేది ఆవిరో గాలో మాత్రమే కనుక ముల్లు కిందికి దిగవచ్చు.

అపోహ: తాళం తిప్పేస్తే ఏ ఇంజిన్ అయినా ఆగిపోతుంది.

వాస్తవం: టర్బోలో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే భాగంలో) ఆయిల్‌ను ఆపే సీళ్ళు అరిగిన డీజిల్ ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకుని, తాళం తీసేసినా వేగం పెంచుకుంటూ పోగలదు. దానికి అందే గాలిని మూసేయాలి, లేదా మాన్యువల్ బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరులో వేసి క్లచ్ వదలాలి. గాలి గొట్టం మూతికి అరచెయ్యి అడ్డం పెట్టకూడదు. మా షెడ్డులో ఇందుకోసమే ఒక మందపాటి చెక్కపలక మేకుకు వేలాడుతుంది; కొత్తగా చేరిన ప్రతి కుర్రవాడూ మొదటివారం దాన్ని మధ్యాహ్నం భోజనానికి పీటగా వాడతాడు.