"ఇంకా ఎదిగాక చెబుతానండి": సాక్ష్యం గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

శిష్యత్వ తరగతి అయ్యాక, అందరూ వెళ్లేదాకా ఆగి ఎవరో ఒకరు మెల్లగా అడుగుతారు: "అయ్యగారూ, నాకింకా వాక్యం సరిగ్గా రాదు. కాస్త ఎదిగాక యేసు గురించి ఇతరులకు సాక్ష్యం చెబుతాను, తప్పు కాదు కదా?" పరిచర్యలో నేను ఎక్కువగా విన్న మాట ఇదే. అడిగేవాళ్లు బద్ధకస్తులు కాదు, భయస్తులు. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: ముందు ఎదగాలి, తర్వాతే సాక్ష్యం.

వాస్తవం: మత్తయి 28లోని గొప్ప ఆజ్ఞ, అంటే వెళ్లి అందరినీ శిష్యులుగా చేయమన్న యేసు మాట, మనకు కంఠతా వచ్చు. దానికి ముందున్న 17వ వచనం దగ్గర మాత్రం ఎవరూ ఆగరు. పదకొండు మంది శిష్యులు ఆయనకు మ్రొక్కారు, అయితే "కొందరు సందేహించిరి". సందేహించినవాళ్లను పక్కన నిలబెట్టి మిగతావాళ్లనే పంపలేదు ప్రభువు. సమరయ స్త్రీ బావి దగ్గర ఆయనతో మాట్లాడి, కుండ అక్కడే విడిచిపెట్టి ఊళ్లోకి వెళ్లింది. "ఈయన క్రీస్తు కాడా" అని ప్రశ్నగానే చెప్పింది, ఆమెకే ఇంకా పూర్తిగా తేలలేదు. అయినా ఆమె మాటను బట్టి అనేకులు నమ్మారు. అపొల్లో అనే బోధకుడి సంగతీ అంతే. బాప్తిస్మమిచ్చు యోహాను ప్రకటించిన బాప్తిస్మం మాత్రమే తెలిసి బోధిస్తుంటే, డేరాలు కుట్టుకునే అకుల, ప్రిస్కిల్ల అతన్ని చేర్చుకుని మరింత పూర్తిగా వివరించారు. నోరు మూసుకోమనలేదు.

మా గుంపులో ఒక సోదరి ఉంది. ప్రసంగాల నోట్సు బీరువా నిండా ఉంటుంది. వాళ్లమ్మ పోయిన కొన్నాళ్లకు, పక్క సీటులో పనిచేసే ఆవిడ "ఇంత దుఃఖంలో ఎలా నిలబడ్డావు?" అని అడిగిందట. ఈమె "మా పాస్టర్ గారిని కలిపిస్తాను, ఆయన బాగా చెబుతారు" అంది! అడిగినావిడకు నాతో ఏం పని? నేను వెళ్లలేదు. "నిద్ర పట్టని రాత్రి ఏమని ప్రార్థన చేశావో అది చెప్పమ్మా" అన్నాను. చెప్పింది. ఆవిడ నమ్మిందా అంటే, ఇంతవరకు లేదు. కానీ ఆవిడ అడిగిన ఒక ప్రశ్న కోసం మా సోదరి బైబిల్లో బాధల గురించిన యోబు గ్రంథం మొత్తం చదివింది. నోట్సు రాసుకున్నన్నాళ్లూ దాని జోలికి పోని మనిషి.

అపోహ: చెప్పకపోతే వాళ్ల రక్తం నా మీదే.

యెహెజ్కేలు 33 నుంచి ఒక్క ముక్క పీకి భయపెట్టే వాట్సాప్ సందేశాలతో నాకు విసుగొచ్చేసింది. హెచ్చరించకపోతే వాళ్ల రక్తానికి నిన్నే అడుగుతానన్న ఆ మాట ఇశ్రాయేలు ఇంటికి కావలివాడుగా నియమించిన ప్రవక్తతో అన్నది. "పదిమందికి పంపకపోతే క్రీస్తును ఎరుగనన్నట్టే" అనేవి వస్తే తీసి పారేయండి. నిజంగానే మూడుసార్లు ఎరుగనన్న పేతురుకే ప్రభువు తన గొఱ్ఱెలను, అంటే విశ్వాసులను, అప్పగించాడు. వీటివల్ల నిద్ర పట్టనివాళ్లు దయచేసి మీ సంఘంలో ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడండి. భయంతో చెప్పే సువార్తలో విన్నవాడికి ముందు భయమే వినిపిస్తుంది.

మిగతావి గబగబా. నమ్మకపోతే తప్పు నాదేనా? వృద్ధి కలుగజేసేవాడు దేవుడని 1 కొరింథీ 3 చెబుతోంది. మంచిగా బతికితే చాలదా, నోరు విప్పాలా? అడిగినప్పుడు విప్పాలి. వాదించి గెలవాలా? సమాధానం చెప్పమన్న 1 పేతురు 3:15లోనే "సాత్వికముతోను భయముతోను" అని కూడా ఉంది, ఇక్కడ భయమంటే గౌరవం. జీతం తీసుకునే వేళలో పని ఎగ్గొట్టి సువార్త చెప్పడమైతే సాక్ష్యమే కాదు, భోజన విరామం ఉంది కదా.

తెలియని ప్రశ్న ఎదురైతే? యోహాను 9లో యేసు చూపునిచ్చిన పుట్టుగుడ్డివాడు పరిసయ్యులనే మతపెద్దల ముందే "నేనెరుగను" అన్నాడు, తనకు తెలిసిన ఒక్కటీ, గుడ్డివాడినైన నేను ఇప్పుడు చూస్తున్నానని, చెప్పాడు. మీరూ "తెలియదు, కనుక్కుని చెబుతాను" అనండి. కనుక్కుని, మళ్లీ వెళ్లి చెప్పండి కూడా. చాలామంది ఆ రెండోది మర్చిపోతారు.