ఏడాది లెక్క కుదిరింది, గంట లెక్క తప్పింది: కరెంటు మార్కెట్ అపోహలు - వాస్తవాలు

ఈమధ్య ఒక స్పిన్నింగ్ మిల్లు యజమాని ఫైలు పట్టుకుని వచ్చారు. కూర్చోకుండానే మధ్య పేజీ తీసి నా ముందు పెట్టారు. గుండ్రటి బొమ్మ, నిండా ఆకుపచ్చ రంగు, మధ్యలో ఇంతేసి అక్షరాలతో "100 శాతం" అని ఉంది.

"సార్, మా మిల్లు ఏడాదికి ఎంత కరెంటు వాడుతుందో అంతా ఈ సోలార్ ప్లాంటే ఇస్తుందట. అంటే ఇక బిల్లు లేనట్టేగా? సంతకం పెట్టేయమంటారా?"

ఇదే ప్రశ్న ఎంతమంది అడిగారో లెక్క మర్చిపోయాను. ఫ్యాక్టరీలకు కరెంటు కొనుగోలు లెక్కలు చూసిపెట్టడం నా పని. ఈ రంగంలో తిరిగే అపోహలు బోలెడు. వాటిలో చాలావరకు చర్చల్లో కాలక్షేపానికి పనికొస్తాయి తప్ప ఎవరినీ ముంచవు. ఇది మాత్రం ముంచుతుంది. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను, మిగతావి గబగబా దాటేస్తాను.

అపోహ: ఏడాదికి వాడేంత కరెంటు సోలార్‌తో తయారైతే బిల్లు సున్నా

కరెంటుకి ఏడాది ధర అంటూ ఉండదు. గంటకో ధర ఉంటుంది. చాలా మార్కెట్లలో ఇప్పుడు పదిహేను నిమిషాలకో ధర. మధ్యాహ్నం 12 గంటల యూనిట్, రాత్రి 8 గంటల యూనిట్ ఒకే తీగలో వస్తాయి, చూడటానికి ఒకటే. మార్కెట్లో మాత్రం అవి వేర్వేరు సరుకులు.

ఆయన ఎదుటే నేను కాగితం మీద వేసి చూపించిన లెక్క ఇది. మిల్లు రాత్రింబగళ్లు ఒకే తీరున 1 మెగావాట్ వాడుతుంది అనుకుందాం. రోజుకి 24 మెగావాట్-అవర్లు (ఒక్కోటి వెయ్యి యూనిట్లు). కెపాసిటీ ఫ్యాక్టర్, అంటే రాత్రింబగళ్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేదాంట్లో నిజంగా వచ్చే వాటా, 20 శాతం ఉన్న చోట అంత ఉత్పత్తి కావాలంటే 5 మెగావాట్ల సోలార్ పెట్టాలి. ఇప్పుడు ఎండ బాగా కాసే వేళ చూడండి. ప్లాంటు 4 మెగావాట్లు ఇస్తుంటే మిల్లు తీసుకునేది ఒక్కటే. రోజు మొత్తం మీద 24లో సుమారు 10 మిల్లు వాడుకుంటుంది, 14 మార్కెట్‌కి పోతుంది. సూర్యుడు దిగాక అదే 14 మార్కెట్ నుంచి కొనుక్కోవాలి. ఏడాది చివర కూడితే అమ్మింది, కొన్నది సమానం. ఆ ఆకుపచ్చ బొమ్మ చెప్పేది అంతే.

ధరలు వేద్దాం. ఏ డబ్బైనా సరే, అంకెలు మాత్రం చూడండి. సోలార్ ఒప్పందం ప్రకారం ప్లాంటు కరెంటంతా మెగావాట్-అవర్‌కి స్థిరంగా 40 చొప్పున కొనాలి. మొదటి ఏడాది మార్కెట్లో పగటి ధర 60, మిగతా వేళల్లో 80. సోలార్ లేకపోతే రోజు ఖర్చు 1720. సోలార్‌తో అయితే ప్లాంటుకి 960 కట్టి, మిగులు అమ్మితే 840 వచ్చి, రాత్రికి 1120 పెట్టి కొంటే, నికరంగా 1240. రోజుకి 480 మిగిలింది. ప్రతిపాదనలో మొదటి పేజీ ఇదే, ఇందులో అబద్ధం లేదు.

కొన్నేళ్లు గడిచాయి. చుట్టుపక్కల అందరూ సోలార్ పెట్టారు. పగటి ధర 20కి పడింది, సాయంత్రం, రాత్రి ధర 100కి ఎక్కింది. సోలార్ లేని మిల్లుకి రోజు ఖర్చు 1600. మీకు? 960 కట్టి, 280 రాబట్టుకుని, 1400 పెట్టి కొన్నారు. మొత్తం 2080. రోజుకి 480 నష్టం. అదే ప్లాంటు, అదే ఒప్పందం, అదే "100 శాతం". ఒప్పందంలో ఇంకా పదిహేనేళ్లు మిగిలి ఉండొచ్చు.

మిల్లు యజమాని ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. "మరి ధర పడిపోతుందని వీళ్లు ఎందుకు చెప్పలేదు?" అన్నారు. పాపం, ఆయన తప్పేం లేదు. చెప్పాల్సినవాళ్లు ఏడాది సగటు వేసి చూపిస్తే, గంటల వారీ లెక్క అడగాలని ఎవరికి తోస్తుంది?

పగటి ధర ఎందుకు పడుతుందో కూడా చెప్పేస్తాను. రేపటి కరెంటుకి ఇవాళ వేలం జరుగుతుంది. అమ్మేవాళ్ల ధరలను తక్కువ నుంచి ఎక్కువకి వరసగా పేరుస్తారు. ఆ గంటకి కావలసిన ఆఖరి యూనిట్ ఎవరి దగ్గర దొరికితే వాళ్ల ధరే ఆ గంటలో అందరి ధర. సోలార్‌కి ఇంధనం ఖర్చు లేదు కాబట్టి అది దాదాపు సున్నాకే అమ్ముకోవడానికి సిద్ధం. సోలార్ తక్కువగా ఉన్నంతకాలం ఆఖరి యూనిట్ ఏ గ్యాస్ ప్లాంటుదో అవుతుంది, సోలార్ వాళ్లకీ ఆ ధరే వస్తుంది, పండగే. సోలార్ పెరిగేకొద్దీ మధ్యాహ్నం పూట గ్యాస్‌తో పనే ఉండదు. ఒక ప్లాంటు దగ్గర ఎండ కాస్తుంటే పక్క ప్లాంటు దగ్గరా కాస్తుంది కదా. అందరి దగ్గరా ఒకే వేళకి ఒకే సరుకు ఉంటే కొనేవాడు ఎంత చెబితే అంత. తన ధరని తానే కొట్టుకునే సరుకు ఇది.

జర్మనీలో 2024లో 457 గంటల పాటు హోల్‌సేల్ ధర సున్నా కిందకి పోయింది. సోలార్ ఇచ్చేది పోను మిగతా ప్లాంట్లు తీర్చాల్సిన డిమాండ్ రోజంతా ఎలా ఉంటుందో కాలిఫోర్నియా గ్రిడ్ నిర్వాహకులు 2013లోనే గీసి చూపించారు. మధ్యాహ్నం పల్లం, సాయంత్రం నిటారుగా ఎక్కుడు. చూడటానికి బాతులా ఉందని దానికి "డక్ కర్వ్" అని పేరు పడింది.

నన్ను నేను తెలివైనవాడిగా చెప్పుకోవడం లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం మధ్యాహ్నం ధరల ఫైలులో అంకెల ముందు మైనస్ గుర్తు కనిపించింది. డేటా పాడైందనుకుని ఆ గడులన్నిటిలో శ్రద్ధగా సున్నా కొట్టేశాను. మర్నాడు మా మేనేజర్ పిలిచి, "మైనస్ తప్పు కాదు బాబూ, నువ్వు దిద్దిందే తప్పు" అన్నారు. కరెంటు తీసుకున్నందుకు ఎదురు డబ్బులిస్తారా అని నోరెళ్లబెట్టాను. ఇస్తారు. కొన్ని ప్లాంట్లను ఆపి మళ్లీ రాజేయడానికి అయ్యే ఖర్చు కంటే రెండు గంటలు ఎదురిచ్చి నడపడమే చవక. కొన్నింటికి ఉత్పత్తి చేసిన ప్రతి యూనిట్‌కీ సబ్సిడీ వస్తుంది, వాళ్లూ ఆపరు. ఆ రోజు నుంచి సగటు అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఏడాదికి 8,760 గంటలు, షీటులో 8,760 వరసలు. లెక్క అంటే అదే.

అలాగని సోలార్ వద్దని నేను చెప్పలేదు. ఆ మిల్లుకీ చెప్పలేదు. 5 మెగావాట్లు వద్దు, పగలు మీరు వాడుకునే దానికి దగ్గరగా పెట్టుకోండి, పగటికి మార్చగల పని మార్చుకోండి, మిగులును ఎవరు ఏ ధరకి తీసుకుంటారో ఒప్పందంలోనే రాయించుకోండి, సాయంత్రం పూట మూడు నాలుగు గంటల పాటు వాడుకోవడానికి బ్యాటరీ గిట్టుతుందేమో విడిగా లెక్క వేయించండి అన్నాను. లిథియం బ్యాటరీ ప్యాకుల సగటు ధర 2024లో కిలోవాట్-అవర్‌కి 115 డాలర్లకి దిగింది. 2010లో అది వెయ్యి డాలర్ల పైమాటే. కాబట్టి ఐదేళ్ల కిందట గిట్టలేదని కొట్టేసిన లెక్క మళ్లీ తీసి చూడాలి.

అపోహ: అలాగైతే ఒప్పందాలెందుకు, నేరుగా మార్కెట్ ధరకే కొంటే సరి

పై లెక్క చూపించగానే సగం మంది ఇటు దూకుతారు. వాళ్లకి టెక్సాస్ సంగతి చెబుతాను. 2021 ఫిబ్రవరిలో గడ్డకట్టే చలికి గ్యాస్ సరఫరా స్తంభించింది, రకరకాల ప్లాంట్లు నిలిచిపోయాయి. అన్నిటికంటే ఎక్కువగా ఆగింది గ్యాసే. హోల్‌సేల్ ధర మెగావాట్-అవర్‌కి 9,000 డాలర్ల గరిష్ఠ పరిమితికి వెళ్లి రోజుల తరబడి అక్కడే కూర్చుంది. మార్కెట్ ధరకి ముడిపెట్టిన ప్లాన్ తీసుకున్న మామూలు ఇళ్లకి వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. అంతకుముందు వరకు పక్కింటివాళ్ల కంటే తక్కువ కడుతున్నామని మురిసిపోయినవాళ్లే వాళ్లంతా. ఒప్పందం అంటే సగం బీమా. ప్రీమియం ఎక్కువైందా అని అడగండి. బీమా ఎందుకని అడగొద్దు.

అపోహ: ఎండకి, గాలికి డబ్బు కట్టక్కర్లేదు కాబట్టి ఆ కరెంటు ఉచితంగా రావాలి

ఇంధనం ఉచితం, అప్పు ఉచితం కాదు. గ్యాస్ ప్లాంటుకి ఖర్చులో ఎక్కువ భాగం నడిపేకొద్దీ వస్తుంది. సోలార్‌కి, గాలికి దాదాపు మొత్తం మొదటి రోజే పెట్టాలి. అందుకే వడ్డీ రేటు రెండు మూడు శాతం పెరిగితే గ్యాస్ వాళ్ల కంటే వీళ్లకే గట్టిగా తగులుతుంది. 2023 సెప్టెంబరులో బ్రిటన్ వేలంలో సముద్రపు గాలి ప్రాజెక్టుల నుంచి ఒక్క బిడ్ కూడా రాలేదు. వడ్డీలు, సామాన్ల ధరలు పెరిగాయి, ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర వాటికి సరిపోలేదు. గాలి మాత్రం ఎప్పటిలాగే వీచింది.

అపోహ: చవక కరెంటుకి కూడా గ్యాస్ ధర ఇవ్వడం మోసం

2022లో యూరప్‌లో ఈ మాట మార్మోగింది. ఆ ఆగస్టులో అక్కడ గ్యాస్ ధర మెగావాట్-అవర్‌కి 300 యూరోలు దాటింది, వేలంలో ఆఖరి యూనిట్ గ్యాస్‌దే కాబట్టి కరెంటు ధర కూడా దాని వెంటే ఎక్కింది. జనం కోపం న్యాయమే, బిల్లులు కట్టింది వాళ్లు. కానీ ఎవరి ధర వాళ్లకిస్తామంటే చవకగా తయారుచేసేవాడు నిజం చెప్పడు, ఆఖరి ధర ఎంత ఉంటుందో ఊహించి దానికి దగ్గరగా అడుగుతాడు. యూరోపియన్ యూనియన్ వేలం పద్ధతిని ముట్టుకోకుండా, గాలి, సోలార్, అణు ప్లాంట్ల లాంటివాటి ఆదాయానికి కొన్ని నెలల పాటు మెగావాట్-అవర్‌కి 180 యూరోల హద్దు పెట్టింది. మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన.

ఇక మిగతావి

సోలార్ ప్యానెల్ తన తయారీకి పట్టిన శక్తిని జీవితాంతం తిరిగి ఇవ్వలేదట. ఈ ఫార్వర్డ్ ఇంకా తిరుగుతోందంటే విసుగొస్తుంది. ఏడాది, మహా అయితే ఏడాదిన్నరలో ఇచ్చేస్తుంది. పాతికేళ్లు పైగా పనిచేస్తుంది.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ చీకటైతే సాయంత్రానికల్లా "సోలార్ ముంచింది" అని తీర్పులిచ్చేశారు. దర్యాప్తులో తేలింది వోల్టేజ్ అదుపు తప్పి ఒకదాని వెంట ఒకటి ప్లాంట్లు విడిపోవడం. వోల్టేజ్‌ని అదుపు చేయాల్సిన సంప్రదాయ ప్లాంట్లలో కొన్ని ఆ పని సరిగా చేయలేదని స్పెయిన్ ప్రభుత్వ నివేదిక చెప్పింది. సోలార్ కరెంటుని గ్రిడ్‌కి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్లకి ఆ సత్తా ఉన్నా అప్పటి నిబంధనలు ఆ బాధ్యత వాటికి అప్పగించలేదు. నివేదిక వచ్చేదాకా ఆగితే పోయేదేముంది?

కార్బన్ మార్కెట్, అంటే కార్బన్ కాలుష్యం వదలడానికి కావలసిన అనుమతులు కొని అమ్మే చోటు, ఉత్త బూటకం అంటారు. యూరప్‌లో 2005లో మొదలైనప్పుడు నిజంగానే అనుమతులు అవసరానికి మించి పంచిపెట్టారు, 2007కల్లా ధర దాదాపు సున్నా అయింది. తర్వాత బిగించారు. 2023 ఫిబ్రవరిలో టన్నుకి 100 యూరోలు దాటింది. సరఫరా బిగిస్తే ధర పలుకుతుంది, వదిలేస్తే పలకదు. ఉల్లిపాయలకైనా అంతే.

మా పిన్ని ఫోన్ చేసి అడిగింది ఇదే కోవలోది. "కార్బన్ పన్ను వేస్తే మనలాంటివాళ్లకి కరెంటు అందదంటున్నారు, నిజమేనా రా?" గొంతులో భయం తెలుస్తోంది. ఏమీ పెరగదని చెబితే అబద్ధమవుతుంది. పెరుగుతుంది, అందుకే వేస్తారు. వచ్చిన డబ్బు ఎటు పోతుందన్నదే అసలు సంగతి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2008లో ఈ పన్ను వేసినప్పుడు దానికి బదులుగా ఆదాయపు పన్ను తగ్గించింది. తర్వాత కెనడా ప్రభుత్వం చాలా రాష్ట్రాల్లో వసూలైన దాంట్లో ఎక్కువ భాగం తిరిగి ఇళ్ల ఖాతాల్లోనే వేసింది. ఆ జమ దేనికి పడుతోందో చాలామందికి తెలియనే లేదు, పెట్రోలు బంకులో పెరిగిన ధర మాత్రం రోజూ కనిపించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారుల మీద ఆ పన్ను ఎత్తేశారు. లెక్కల ప్రకారం సరైన పథకమే, కాకపోతే లెక్క ఎవరికీ కనబడలేదు.

పిన్ని అంతా విని, "సరేగానీ, మధ్యాహ్నం కరెంటు చవకన్నావుగా, మరి బట్టల మెషీన్ అప్పుడే వేసుకోవాలా?" అంది.

"ముందు నీ మీటరు గంటల వారీ ధర లెక్క కట్టేదో కాదో చూడు పిన్నీ. కాకపోతే ఎప్పుడు వేసినా బిల్లు ఒకటే."