తరగతిలో ఇన్ఫోగ్రాఫిక్: కొన్ని అపోహలు, వాస్తవాలు

చెన్నైలో తెలుగు మాధ్యమం పిల్లలకు సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. అంకెలను, బొమ్మలను, నాలుగు మాటలను ఒకే చార్టులో కూర్చి, అంటే ఇన్ఫోగ్రాఫిక్‌గా చేసి, గోడకు తగిలిస్తే సగం పాఠం చెప్పినట్లేనని కొన్నేళ్లు నేనూ నమ్మాను. ఎనిమిదో తరగతికి తెలుగుగంగ (కృష్ణ నీటిని చెన్నైకి తెచ్చే పథకం) పాఠం చెప్పడం మొదలుపెట్టాక ఆ నమ్మకం మారింది.

అపోహ: చూసి నేర్చుకునే పిల్లలకే ఇన్ఫోగ్రాఫిక్ ఉపయోగపడుతుంది.

వాస్తవం: పిల్లలను చూసి నేర్చుకునేవారు, విని నేర్చుకునేవారు అని విడదీసి, ఎవరి తీరుకు తగ్గట్టు వారికి బోధిస్తే చదువు మెరుగవుతుందనడానికి తగిన ఆధారాలు లేవని హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో తమ సమీక్షలో తేల్చారు. బొమ్మ కావాలా వద్దా అన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. కృష్ణ నీరు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరు జలాశయాల మీదుగా చెన్నై దగ్గరి పూండి జలాశయం చేరే దారిని గీసి చూపాలి. ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల మధ్య 1983 నాటి ఒప్పందం ఎందుకు అవసరమైందో మాటల్లోనే చెప్పాలి.

అపోహ: బొమ్మ పెద్దదిగా గీస్తే అంకె పెద్దదని పిల్లలకు సరిగ్గా అర్థమవుతుంది.

వాస్తవం: నేను ఎక్కువగా పొరబడింది ఇక్కడే. రాష్ట్రాల మధ్య అంతకుముందే కుదిరిన ఒప్పందం ప్రకారం మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఏటా తలా 5 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు) ఇవ్వాలి. ఒక్కో రాష్ట్రం వాటాకు చిన్న కుండ గీసి, మొత్తం 15 టీఎంసీలకు మూడింతల ఎత్తు, మూడింతల వెడల్పు ఉన్న కుండ గీశాను. "ఇంత పెద్ద కుండలో ఆ చిన్నవి మూడే పడతాయా టీచర్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆమె సందేహం న్యాయమైనది, ఎందుకంటే ఎత్తు, వెడల్పు రెండూ మూడింతలైతే కాగితం మీద బొమ్మ తొమ్మిదింతల చోటు ఆక్రమిస్తుంది. 1925లో వియన్నాలో మ్యూజియం నెలకొల్పి, సామాన్యులకు గణాంకాలను బొమ్మలతో వివరించిన ఓటో నాయిరాత్ పాటించిన నియమం దీనికి విరుగుడు: అంకె పెరిగితే బొమ్మను పెంచకూడదు, అదే పరిమాణంలో ఉన్న బొమ్మల సంఖ్యను పెంచాలి. ఇప్పుడు నా చార్టులో ఒకే కొలతగల పదిహేను కుండలున్నాయి. దారిలో ఆవిరికి, ఇంకుడుకు పోతుందని లెక్కగట్టిన మూడింటిని ఖాళీగా వదిలాను. మిగిలిన పన్నెండు చెన్నైవి. అవి ఒప్పందాల్లోని అంకెలని, ఏటా నిజంగా చేరే నీరు వేరని కిందనే రాశాను. ఆ ఒక్క వాక్యం లేకపోతే చార్టు అబద్ధం చెప్పినట్లవుతుంది.

అపోహ: అలంకారం ఎక్కువైతే ఆసక్తి, ఆసక్తితో పాటు జ్ఞాపకమూ పెరుగుతాయి.

వాస్తవం: పాఠానికి సంబంధం లేని హంగులను తీసివేస్తే నేర్చుకోవడం మెరుగవుతుందని మనస్తత్వ శాస్త్రవేత్త రిచర్డ్ మేయర్ ప్రయోగాలు చూపాయి. నా మొదటి చార్టు అంచుల్లో చేపలు, పడవలు ఉండేవి. పిల్లలకు గుర్తున్నవి అవే. జలాశయాల పేర్లను కూడా మూలన పట్టికలో కాకుండా ఆయా చోట్ల పక్కనే రాయడం మేలు.

అపోహ: కంప్యూటర్ లేనిదే ఇది సాధ్యం కాదు.

వాస్తవం: నల్లబల్ల, సుద్దముక్క చాలు.

అపోహ: చార్టు తగిలించడంతో పని పూర్తవుతుంది.

వాస్తవం: పిల్లల పని అప్పుడే మొదలవుతుంది. మరుసటి రోజు చార్టును తిప్పి పెట్టి, తెల్లకాగితం మీద నీటి దారిని గీయమంటాను. మొన్న ఏడుగురు సోమశిల నుంచి నేరుగా పూండికి గీత గీశారు. అందుకే తరువాతి పీరియడంతా కండలేరుకే కేటాయించాను.